రాలిపోయిన పీతాంబరం

కృష్ణుడి పంచె ఊడిపోయింది.

వంశీధర్ హాల్లోకి పరుగెత్తుకొచ్చేసరికి ఆ ఊడిపోవడం ఇంకా జరుగుతూనే ఉంది. వేదిక మీద నిలబెట్టిన ఆరడుగుల చెక్క పలకలో దేవుడు వేణువు పట్టుకుని నిలుచున్నాడు. ఆయన నడుము దగ్గర పసుపు రంగు అప్పడంలా ఉబ్బి, పెచ్చులుగా లేచి, తీరిగ్గా కిందికి రాలుతోంది. కింద ఎవరో పాత పేపరు పరిచారు. దాని మీద పీతాంబరం అప్పటికే గుప్పెడు పోగైంది.

పంచె పోయినచోట కాళ్ళు కనబడుతున్నాయి. ఆకుపచ్చగా, పిక్కలు, మోకాళ్ళు, తొడలు. అంతకు పైన జనం కంట పడకుండా కాంత ఆంటీ ఫ్రేముకి అడ్డంగా తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఒక టీ టవల్ వేలాడదీసింది. టవల్ మీద మూడు కంగారూలు గెంతుతున్నాయి.

"గోపికల చీరలెత్తుకుపోయాడు గదా. వాళ్ళ ఉసురు ఊరికే పోద్దా?" అంది కాంత ఆంటీ.

"కాంతమ్మా, ఇదేమన్నా నవ్వులాటా?" అని అరిచాడు కనకరాజు.

కనకరాజు డౌన్స్ తెలుగు సమాజానికి అధ్యక్షుడు. సమాజం ఈ కంగారూల దేశంలో, టూవూంబా అనే ఊళ్ళో ఒక పాత చర్చి కొని హాలు చేసుకుంది. ఆ సాయంత్రమే ప్రారంభోత్సవం. కౌన్సిలరు వస్తాడు. వంటింట్లో ఊరందరికీ సరిపడా పులిహోర కలుపుతున్నారు. ఇక్కడ చూస్తే దేవుడు టీ టవల్‌తో ఉన్నాడు.

"మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను. పెండిల్ హిల్‌లో మనవాడి షాపుంది, ఫ్లెక్సీ కొట్టించుకుందాం, ఉతికినా పోదు అన్నాను. విన్నారా? ఇటలీ అన్నారు, ఇంకేదో అన్నారు. ఇదిగో, ఇటలీ పేపరు మీద పోగుపడింది. రోలరు తేండి. తెల్ల రంగు కొట్టించేస్తాను."

"ఒక్క గంట ఆగండంకుల్," అన్నాడు వంశీధర్.

"గంటలో పంచె కడతావా?"

వంశీధర్ వేదిక మెట్ల దగ్గరికి వెళ్ళాడు. అక్కడ అతని భార్య స్పందన కూర్చుని ఉంది. చేతిలో కుంచె ఉంది, దానికి రంగు లేదు. ఆమె ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండుననిపించింది అతనికి.

"నా చేతిలనే ఏదో తప్పుంది వంశీ. మూడేండ్లు చేసిన. నాకే రాలేదంటే ఇంకేం చెప్పాలె?"

పలకంటే ఉత్త బొమ్మ కాదు, స్పందన పీహెచ్‌డీ. ఐదారొందల ఏళ్ళ కిందట ఇటలీ చిత్రకారులు మట్టిలోంచి బయటపడ్డ గ్రీకు, రోమన్ శిల్పాలు చూసి మతి పోగొట్టుకున్నారు. ఒంటి బరువంతా ఒక కాలి మీద వేసి, రెండో మోకాలు వదులు చేసి, నడుము ఓ పక్కకి ఒరిగితే బొమ్మకి ప్రాణం వస్తుందని, ఆ పాతవాళ్ళకి తెలిసిందీ నడుమ అందరూ మర్చిపోయిందీ అదేనని కనిపెట్టారు. దానికి రినైసాన్స్ అని పేరు. ఇదంతా స్పందన స్లైడ్లు వేసి కమిటీకి చెప్పినప్పుడు కనకరాజు ఓపిగ్గా విన్నాడు. విని, "మనోడు ఎప్పుడూ అలాగే కదమ్మా నిలబడేది? త్రిభంగి. వాళ్ళు మర్చిపోయి మళ్ళీ నేర్చుకున్నారు, మనం మర్చిపోలేదు, అంతేగా?" అన్నాడు. స్పందన థీసిస్‌లో ఓ అధ్యాయం ఆ ముక్క మీదే నడుస్తుంది.

ఆమె పంతమల్లా వాళ్ళ పద్ధతిలోనే వెయ్యాలని. బట్ట గీసేముందు బట్ట లోపలి ఒళ్ళు గీయాలి. ఎముక ఎక్కడుందో తెలియనివాడికి మడత ఎక్కడ పడుతుందో తెలియదు. ఒంటికి అడుగుపూత ఆకుపచ్చ మట్టి రంగు. రంగులు కలిపేది కోడిగుడ్డు పచ్చసొనలో. అలా కలిపిన రంగు ఆరిందంటే శతాబ్దాలు కదలదు. పని కూడా ఒక్కరిది కాదు. గురువు దగ్గర శిష్యులు చేసినట్టు సమాజం వాళ్ళే తలో చెయ్యీ వెయ్యాలి.

ఇందులో కమిటీకి మింగుడుపడనిది కోడిగుడ్డు ఒక్కటే. చెక్కకి తెల్లపూత పట్టించే జిగురు కుందేలు తోలుతో చేస్తారని స్పందన చెప్పలేదు. వాళ్ళు అడగలేదు.

గుడ్డు మీద మాత్రం పెద్ద రగడే జరిగింది. అధ్యక్షుడైన రోజున కనకరాజు మైకు ముందు నిలబడి మాంసం, చేప, గుడ్డు మూడూ వదిలేస్తున్నానని ప్రకటించిన మనిషి. గోదావరి జిల్లావాడు చేప వదలడమంటే మాటలా? చప్పట్లు మోగాయి. ఆయన భార్య శ్యామసుందరి కూడా ఆ రోజే వదిలేసింది, మైకు లేకుండా. అలాంటి కనకరాజు చివరికి ఒక షరతు మీద దిగొచ్చాడు. గుడ్లు హాలు గడప దాటకూడదు. వెనక వరండాలో టీ సరంజామా పక్కనున్న పాత ఫ్రిజ్‌లో ఉండాలి. ఎవరూ పొరపాటున అట్టు వేసుకోకుండా స్పందన ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో 'కృ' అని రాసేది.

ఇప్పుడు బ్రిస్బేన్ నుంచి ఎగ్జామినరు బయల్దేరి దారిలో ఉంది. పలక చూసి, రంగు రాలుతోంది, ఈ పిల్లకి పని రాదు అని రాసిందంటే మూడేళ్ళూ ఆ పేపరు మీద పెచ్చులతో సమానం.

వంశీధర్ జేబులోంచి చిన్న టార్చి తీశాడు.

అతని ఉద్యోగం ఇన్సూరెన్సు కంపెనీలో వడగళ్ళ నష్టం అంచనా వెయ్యడం. టూవూంబాలో వడగళ్ళు బాగా పడతాయి. పడని ఏడు కొందరు బీమా డబ్బు కోసం సాక్సులో గోల్ఫ్ బంతి వేసి తమ కార్లని తామే బాదుకుంటారు. వాళ్ళని పట్టుకోవడం కష్టం కాదు. వడగళ్ళు కారంతా కొడతాయి. మనిషి చెయ్యి అందినచోటే కొడతాడు.

అతను పలకని కారు బానెట్‌లా ఏటవాలు వెలుగులో చూశాడు. ఆకాశం బాగుంది. వెనకాల దూరంగా పోయేకొద్దీ చిన్నవై ఒక్క చుక్కలో కలిసిపోయే స్తంభాలు బాగున్నాయి. ఆవు బాగుంది. తడి వేలితో ఆవుని రుద్దాడు. ఆవు కదల్లేదు.

"సొట్ట ఒక్కచోటే ఉంది," అన్నాడు.

"ఏం సొట్ట?" అంది స్పందన.

"నీ చెయ్యే చెడ్డదైతే మొత్తం రాలాలి. రాలింది పంచె ఒక్కటే. పంచె వేసిందెవరు?"

స్పందన తలెత్తింది. "నేను కాదు. ఆ రోజు సెమినార్‌కి బ్రిస్బేన్ పోయిన. కాంత ఆంటీ, శ్యామసుందరి ఆంటీ వేసిన్రు. మడతలు నేను గీసిచ్చిన, వాళ్ళు నింపిన్రు."

"మేం బాగానే నింపాం," అంది కాంత ఆంటీ చేతులు నడుముకి పెట్టుకుని. "ఈ పొద్దున హీటర్ పెట్టారు, పెళపెళమని లేచింది."

వంశీధర్ ఒక పెచ్చు తీసి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. గోడకున్న ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోంచి బెటడిన్ సీసా తెచ్చాడు.

"దెబ్బ తగిలింది కృష్ణుడికి కాదయ్యా, సమాజం పరువుకి," అన్నాడు కనకరాజు. "దీనికి కారకులెవరో తేలాల్సిందే. ఎవరైనా సరే, ఉపేక్షించేది లేదు."

"ఏడో క్లాసు సైన్సు గుర్తుందా అంకుల్? బంగాళాదుంప ముక్క మీద అయోడిన్."

స్పందన దగ్గర రంగులు సరిచూసుకునే చిన్న చెక్క ఉంది. దాని మీద ఆమె స్వయంగా వేసిన పసుపు మచ్చ ఉంది. ముందు దాని మీద ఒక చుక్క వేశాడు. చుక్క గోధుమరంగులోనే ఉండిపోయింది. తర్వాత పెచ్చు మీద వేశాడు. అది నీలంగా తిరిగి, చూస్తుండగానే కాటుకలా నల్లబడింది.

"పిండి," అన్నాడు వంశీధర్.

"పిండా?" స్పందన లేచి నిలబడింది. "నా రంగుల పిండెక్కడిది?"

"మొక్కజొన్న పిండి. అందులో కాస్త పసుపు రంగు, కాస్త వెనీలా వాసన. ఇంట్లో దాన్ని కస్టర్డ్ పౌడర్ అంటాం."

హాల్లో ఉన్న తలలన్నీ కాంత ఆంటీ వైపు తిరిగాయి.

కాంత ఆంటీ తాతలు చెరుకుతోటలకని ఫిజీ వెళ్ళారు. ఆమె ఫిజీ నుంచి ఇక్కడికొచ్చింది. దారిలో తెలుగు కొంచెం అరిగింది గాని నోరు అరగలేదు. టూవూంబాలో ఏ తెలుగువాడి పుట్టినరోజైనా గుడ్డులేని కేకు ఆమె చెయ్యాల్సిందే. ఆమె సరుకులు హాలు వంటింట్లో ఒక అల్మారా నిండా ఉంటాయి.

"అరే, నన్ను చూస్తారేం? నా కస్టర్డ్ టిన్ను సగం ఖాళీ! నిన్న ఫ్రూట్ సలాడ్ నీళ్ళలా ఉందని ఏడ్చిందెవరు, మీరు గాదా? ఎవరు తీశారని అందరినీ అడిగినా. ఆఖరికి టిన్నునే అడిగినా. అదీ చెప్పలా."

"ఆ రోజు రంగులకి వాడే జాడీలో సొన ఎవరు కలిపారాంటీ?"

"నాకేం తెలుసు? మేం వచ్చేసరికి జాడీ నిండా పచ్చగా ఉంది. స్పందన కలిపి పెట్టి పోయిందనుకున్నాం. గుడ్లు పగలగొట్టేది మా ప్రణేష్ గదా, వాణ్ణడుగు."

ఆమె కొడుకు ప్రణేష్ వడ్రంగి. పలక చేసింది అతనే. అప్పుడు కుర్చీలు వరసలుగా వేస్తున్నాడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది.

"బ్రో, ఐ కేమ్, జార్ వాజ్ ఫుల్. మమ్ చేసిందనుకున్నా. స్ట్రెయిట్ టు జిమ్."

"తెల్లసొన తీసుకెళ్ళావా?" రోజూ మిగిలిన తెల్లసొన అతనిదే. కండల కోసం పచ్చిగానే తాగేస్తాడని సమాజంలో చిన్నపిల్లలు కూడా చెప్పుకుంటారు.

"నో వైట్స్, బ్రో. నో ఎగ్స్ ఈవెన్. ఐ వాజ్ పిస్డ్ ఆఫ్."

వాళ్ళమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. వంశీధర్‌కి మాత్రం సొట్ట ఎక్కడుందో కనబడటం మొదలైంది. ఎవరూ గుడ్లు పగలగొట్టలేదు. గుడ్లు గుడ్లుగానే మాయమయ్యాయి. వాటి లోటు కప్పిపుచ్చడానికి జాడీలో కస్టర్డ్ చేరింది.

"పోనీ వదిలెయ్యండయ్యా," అన్నాడు కనకరాజు. గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "ఎవరో భక్తులు, దేవుడికి గుడ్డు తగలకూడదని చేసుంటారు. పుణ్యాత్ములు. ఇప్పుడు వాళ్ళ పేరు బయటికి లాగి ఏం చేస్తాం?"

"ఉపేక్షించేది లేదన్నారు కదంకుల్, ఇందాకనే?"

"భక్తిని ఉపేక్షించొచ్చు."

"మీరు వదిలేస్తే నేను పోత అంకుల్," అంది స్పందన. "థీసిస్ల గుడ్డుసొన అని రాసిన. పలక మీద కస్టర్డ్ ఉన్నది. పని రాదన్నా మళ్ళ నేర్చుకుంట. దీన్నైతే మోసం అంటరు. మోసం చేసినోళ్ళని మళ్ళ ఏ యూనివర్సిటీ రానియ్యదు."

వంశీధర్‌కి అప్పుడు బోధపడింది. ఆమె చేతిని కాపాడబోయి ఆమె మెడకే ఉచ్చు బిగించాడు. ఆ నల్ల మచ్చకి ఇప్పుడొక పేరు కావాలి.

బయట కారు తలుపు చప్పుడైంది. ఎగ్జామినరు ముందే వచ్చేసింది.

డాక్టర్ ఫిలిప్పా క్రెయిన్ పొట్టి జుట్టు, పొడుగు మనిషి. మెడలో గొలుసుకి భూతద్దం వేలాడుతోంది. పలక ముందు నిలబడి టీ టవల్‌ని చాలాసేపు చూసింది.

"కంగారూలు మీ డిజైన్లో భాగమా?"

"కాదు," అంది స్పందన.

ఆవిడ టవల్ అంచు ఎత్తి చూసి, మళ్ళీ మర్యాదగా దించింది. "గీత చాలా బాగుంది. నడుము ఒంపు, వదులైన మోకాలు. బట్ట కింద ఒళ్ళుంది. ఇప్పుడు ఇలా ఎవరూ చెయ్యరు." గోటితో తెల్లపూత అంచు తట్టింది. "ఇది కుందేలు తోలు..."

వంశీధర్‌కి భయంకరమైన దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆవిడ పేపరు దగ్గరికి వెళ్ళేదాకా ఆగలేదు.

"ఈ నలుపేమిటి?" అంది ఆవిడ.

స్పందన నోరు తెరిచేలోగా కనకరాజు ముందుకొచ్చి చేతులు జోడించాడు. ఇంగ్లీషు మొదలుపెట్టాడు. అంతా స్పందనని మెచ్చుకుంటూనే. "మేడమ్, వెరీ గుడ్ గర్ల్. మా పెద్దల మాట విని గుడ్డు మానేసింది. ఎగ్‌లెస్ పెయింటింగ్, మేడమ్. ప్యూర్ వెజిటేరియన్. గుడ్డు దేనికి, పసుపు రంగుకే కదా? యెల్లో క్లాత్‌కి యెల్లో కస్టర్డ్. ముందు చన్నీళ్ళలో కలిపి, తర్వాత కెటిల్‌లో మరిగిన నీళ్ళు పోస్తే ఉండ కట్టదు, మేడమ్. సేమ్ సేమ్."

మెచ్చుకోలుతో మనిషిని ఇంత శుభ్రంగా నరకొచ్చని వంశీధర్‌కి ఆ రోజే తెలిసింది.

డాక్టర్ క్రెయిన్ స్పందన వైపు తిరిగింది. "సొన వాడేది పసుపు రంగు కోసం కాదని మీకు తెలుసు కదా?"

"తెలుసు. అది పట్టు. రంగుని పలకకి పట్టి ఉంచేది అదే. పసుపుదనం వారంలో పోతది."

"మరి కస్టర్డ్ మీరు కలిపారా?"

"లేదు."

"ఎవరు కలిపారు?"

"తెల్వదు."

"చూడండి," అంది డాక్టర్ క్రెయిన్, కోపం లేకుండా. "పాత రోజుల్లో శిష్యుడు చెడగొట్టినా పేరు గురువుదే పోయేది. ఇప్పుడు కూడా అంతే. మీకు తెలియకుండా ఎవరో మార్చారంటే, ఎవరు మార్చారో నా రిపోర్టులో రాస్తాను, మీ పరీక్ష సాగుతుంది. 'ఎవరో' అని మాత్రం రాయలేను. ఒక కప్పు టీ తాగుతాను. అప్పటిదాకా ఆగుతాను."

టీ అన్న మాట వినగానే వంశీధర్‌కి కెటిల్ గుర్తొచ్చింది. కెటిల్ నీళ్ళ సంగతి ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. కస్టర్డ్ ఎలా కలిపారో చూసినవాళ్ళు లేరు. ఎత్తింది ఒక్కరే.

"నేను తెస్తాను టీ," అని వెనక వరండాలోకి నడిచాడు.

టీ బల్ల మీద కెటిల్ ఉంది. మూత తీసి టార్చి వేశాడు. అడుగున, నీళ్ళు మరిగించే తీగ చుట్టూ, తెల్లగా పేలాల్లాంటి పెంకు నలుసులు రెండు అంటుకుని ఉన్నాయి. గది అద్దెకి తీసుకుని, పొయ్యి లేక, ఎలక్ట్రిక్ కెటిల్‌లో గుడ్లు ఉడకబెట్టుకుని చదువుకున్నవాడు వంశీధర్. ఆ నలుసు అతనికి చుట్టంలాంటిది. ఆ చిట్కా నేర్పింది ఎవరో కూడా అతనికి గుర్తుంది.

మరి పెంకులేవి? చెత్తబుట్టలో వేస్తే కాంత ఆంటీ చూస్తుంది. పెంకు పారేసే మనసు రానివాళ్ళు ఎక్కడ వేస్తారు?

వరండా మూల కరివేపాకు కుండీ ఉంది.

టూవూంబా చలికి కరివేపాకు బతకదు. ఈ ఒక్క మొక్క బతుకుతోంది. రోజూ సాయంత్రం దానికి ఒక పాత పంచె చుట్టి, పొద్దున్నే విప్పి, ఎరువు వేసి, మాట్లాడి వెళ్ళే మనిషి ఒకడున్నాడు. ఆయన తప్ప ఆ కుండీని ముట్టుకున్నవాడు ఈ ఊళ్ళో లేడు. ఒకసారి ప్రణేష్ రెండు రెబ్బలు తుంచితే కమిటీ మీటింగులో తీర్మానం పెట్టారు.

ఈ పొద్దున హడావుడిలో విప్పకుండా వదిలేసిన ఆ పంచెని వంశీధర్ విప్పాడు. మట్టిలోకి వేళ్ళు పెట్టాడు.

అతను హాల్లోకి తిరిగొచ్చేసరికి వంటింట్లోంచి శ్యామసుందరి పులిహోర పళ్ళెంతో వస్తోంది. డాక్టర్ క్రెయిన్ చేతికి ఇచ్చి, "తిను తల్లీ, కారం తక్కువే వేశా," అంది తెలుగులో. ఆవిడ తిన్నది.

శ్యామసుందరి తక్కువ మాట్లాడే మనిషి. అందులో ఒక మాట పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ నోట ఎవరూ వినలేదు. భర్త పేరు. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పింది. ఒకసారి ఆయన కడుపునొప్పితో ఆస్పత్రిలో చేరితే రిసెప్షన్లో అమ్మాయి పేరడిగింది. శ్యామసుందరి ఆలోచించి, "గోల్డ్. ఆఫ్టర్ దట్, కింగ్," అంది. రెండు రోజుల పాటు చేతికి 'మిస్టర్ గోల్డ్‌కింగ్' అని పట్టీతో ఉన్నాడాయన. అదే పేరుతో పిత్తాశయం తీసేశారు.

వంశీధర్ పేపరు దగ్గర వంగి, పీతాంబరం పెచ్చుల పక్కన తన గుప్పిట విప్పాడు. మట్టి అంటిన గుడ్డుపెంకులు. కొన్నిటి మీద పెన్సిల్ రాత. ఉడికినా చెరగలేదు.

కృ. కృ. ఇంకొకటి సగానికి విరిగి, ఒట్టి క.

"నా రాతే," అంది స్పందన.

"కెటిల్లో ఉడికాయి. కరివేపాకు కుండీలో దొరికాయి," అన్నాడు వంశీధర్.

ప్రణేష్ చేతిలో కుర్చీ గాల్లోనే ఉండిపోయింది.

"ఎవరో వేసుంటారు," అన్నాడు కనకరాజు నేల చూస్తూ. "మంచి ఎరువు కదా. సున్నం ఉంటుంది."

"మీ కుండీ పంచె విప్పే ధైర్యం ఎవరికుంది అధ్యక్షులవారూ?" అంది కాంత ఆంటీ. "రెండు రెబ్బలకి మావాడి మీద తీర్మానం చేశారు!"

డాక్టర్ క్రెయిన్ పళ్ళెం పక్కన పెట్టి పెన్ను తీసింది. "మీకు తెలిసినట్టుంది. పేరు చెప్పండి."

వంశీధర్ నోరు తెరిచాడు.

ఈ ఊరికి చదువుకోడానికి వచ్చిన మొదటి చలికాలం, బస్సు దిగి ఎక్కడికి పోవాలో తెలియక నిలబడితే, కారాపి ఎక్కించుకుని, సొంత రగ్గు కప్పి, పెద్ద కొడుకులా చూసిన మనిషి. కెటిల్లో గుడ్డు ఎంతసేపుంచితే సొన మెత్తగా ఉంటుందో దగ్గరుండి చూపించిన మనిషి. ఆయన ఇప్పుడు ఎదురుగా, నెరిసిన తల వంచుకుని, కంగారూల టవల్ పక్కన నిలబడి ఉన్నాడు. 'అంకుల్' అన్నది వంశీధర్ నాలుక మీద సిద్ధంగానే ఉంది. కానీ అది పేరు కాదు. పేరు రావడం లేదు.

స్పందన అతని వైపు చూసింది. నోరు తెరిచి అడిగినా బాగుండేది.

"వంశీ," అంది ఒక గొంతు. "నువ్వుండు నాయనా."

శ్యామసుందరి వచ్చి పేపరు ముందు వంగి, 'కృ' అని ఉన్న పెంకు ఒకటి తీసుకుని, బియ్యంలో రాయి చూసినట్టు చూసింది.

"ఏవండీ," అంది.

కనకరాజు టవల్ క్లిప్పు ఒకటి సర్దాడు.

"మీకు టీ పెట్టుకోవడం రాదనుకున్నాను ఇన్నాళ్ళూ. చన్నీళ్ళలో కలిపి వేణ్ణీళ్ళు పోస్తే ఉండ కట్టదని ఎవరు చెప్పారు?"

"నువ్వే. ఎప్పుడో అన్నావు."

"గుడ్డులోకి ఉప్పేనా, మిరియాలు కూడానా?"

"మిరియాలు కూడా," అన్నాడాయన. "శ్యామా, ఆకలి కాదే. అలవాటు. ఆ ఫ్రిజ్ తలుపు తీస్తే ఎదురుగా కనబడేవి. మర్నాడే కొనుక్కొచ్చి పెట్టేద్దామనుకున్నాను. ఇంతలో ఆ కుర్రాడు వచ్చేస్తాడని... పసుపు రంగు పంచెకి పసుపు ఏదైతేనేం అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు."

"ఏ దేవుడి మీద? ఈయన మీదేనా?" అని టవల్ వైపు చూపించింది కాంత ఆంటీ.

శ్యామసుందరి పెంకుని జాగ్రత్తగా పేపరు మీద పెట్టింది. "మైకులో మీరు వదిలేశానన్న రోజు నుంచి నేను గుడ్డు ముట్టలేదు. మా అమ్మ చేసే గుడ్డు పులుసు కలలోకొచ్చినా కంచం జరిపేదాన్ని. మీ వ్రతం చెడుతుందని."

"ఆ సంగతి నువ్వు చెప్పలేదే."

"మీరు అడగలేదు."

డాక్టర్ క్రెయిన్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఎవరి వైపు చూడాలో తెలిసిపోయింది. పెన్ను కాగితం మీద ఆనించి, శ్యామసుందరిని అడిగింది, "మీకు తెలుసా, ఎవరో?"

"మై హస్బెండ్," అంది శ్యామసుందరి.

"పేరు?"

హాలంతా ఎదురుచూసింది. ప్రణేష్ కుర్చీ కింద పెట్టి, సాయం చెయ్యబోయి, "గోల్డ్..." అని మొదలుపెట్టాడు. శ్యామసుందరి చెయ్యెత్తి ఆపింది. కొంగుతో వేళ్ళ మట్టి తుడుచుకుంది. స్పందన ముఖం ఒకసారి, రాలిపోయిన పీతాంబరం ఒకసారి చూసింది. ఆ తర్వాత ఆవిడ నెమ్మదిగా, ఒక్క అక్షరం కూడా మింగకుండా, వెనక వరసలోవాళ్ళకి కూడా వినబడేలా చెప్పింది.

"కనకరాజు."